మామూలు కెమెరాతో ధ్రువణ చిత్రాలు, ఆ తర్వాత లేజర్‌తో: మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి

కెమెరా సెన్సర్ లెక్కపెట్టేది ఒక్కటే, తన మీద ఎంత వెలుగు పడిందని. రంగు కూడా దాని ముందు పెట్టిన ఫిల్టర్ల వల్ల వచ్చేదే. కాంతి తరంగం ఏ దిశలో కంపిస్తోందన్నది, అంటే ధ్రువణం, సెన్సర్‌కి అసలు తెలియదు, మన కంటికీ దాదాపు తెలియదు. తేనెటీగలు ఆకాశంలోని ధ్రువణాన్ని బట్టి దారి పట్టుకుంటాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1949లో బయటపెట్టారు. మనకి ఆ కన్ను లేదు కాబట్టి ఒక పోలరైజర్ (ఒక్క దిశలో కంపించే కాంతినే వదిలే ఫిల్టర్), కాస్త లెక్క కావాలి. అవి ఉంటే పారదర్శకమైన ప్లాస్టిక్‌లో ఇరుక్కుపోయిన ఒత్తిడి, ఒకే రంగులో ఉన్న లోహానికీ పెయింటుకీ తేడా, చర్మం పైమెరుపు కింద దాగిన నిర్మాణం, ఇవన్నీ కనిపించడం మొదలవుతుంది.

ఒక సంగతి ముందే పట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ధ్రువణ చిత్రం కొన్ని ఫోటోల మధ్య తేడాల్లోంచి పుడుతుంది. ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య ఏది మారినా, దీపం కాస్త మిణుకుమన్నా, ట్రైపాడ్ కదిలినా, లేజర్ వేడెక్కినా, ఆ మార్పంతా ధ్రువణం వేషంలోనే మీ ముందుకొస్తుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, కెమెరా గురించి ఆలోచించే ముందు కాంతిని అదుపులో పెట్టుకోండి అని. ఖరీదైన కెమెరా ఉండి కాంతి అదుపులో లేనివాళ్ల ఫలితాల కన్నా, పాత కెమెరాతో ఓపిగ్గా చేసినవాళ్ల ఫలితాలే బాగుంటాయి.

లెక్క ఎంత కావాలో అంతే

పోలరైజర్‌ని తిప్పుతూ పోతే దాని వెనక వెలుగు కొసైన్ వర్గం లెక్కన పెరిగి తగ్గుతుంది, అదే మాలస్ నియమం. 1808లో మాలస్ ఒక కాల్సైట్ స్ఫటికంలోంచి లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీల మీది సూర్యకాంతిని చూసి, పరావర్తనంతో కూడా కాంతి ధ్రువితమవుతుందని గమనించాడు. ఆ తర్వాత 1852లో స్టోక్స్ ఈ వ్యవహారాన్నంతా నాలుగు సంఖ్యల్లోకి దించాడు, వాటినే స్టోక్స్ పరామితులు అంటాం. ఎస్0 మొత్తం వెలుగు. ఎస్1 అడ్డం, నిలువు దిశల మధ్య తేడా. ఎస్2 రెండు వంపు దిశల, అంటే 45, 135 డిగ్రీల మధ్య తేడా. ఎస్3 కుడి, ఎడమ వృత్తీయ ధ్రువణాల (కంపన దిశ గుండ్రంగా తిరుగుతూ సాగే కాంతి) మధ్య తేడా.

ఈ నాలుగింట్లో మొదటి మూడూ పోలరైజర్‌ని తిప్పితే చాలు వచ్చేస్తాయి. మామూలు దృశ్యాల్లో ఎస్3 చాలా తక్కువ కాబట్టి మొదట్లో దాన్ని వదిలేసినా నష్టం లేదు.

ఏం కావాలి, పోలరైజర్ అక్షం ఎలా పట్టుకోవాలి

రా ఫైలు (సెన్సర్ విలువల్ని మార్చకుండా దాచే ఫైలు) ఇచ్చే, ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టుకోగలిగే ఏ కెమెరా అయినా సరే. గట్టి ట్రైపాడ్, షట్టర్ నొక్కడానికి రిమోట్ లేదా టైమర్, లెన్స్ ముందు తిరిగే పోలరైజర్ ఒకటి. ఫోటోగ్రాఫర్లు వాడే సర్క్యులర్ పోలరైజర్ ఉంటే కూడా పనికొస్తుంది, చాలామంది పనికిరాదనుకుని పక్కన పెట్టేస్తారు. దాన్లో దృశ్యం వైపు ఉండేది మామూలు సరళ పోలరైజరే, కెమెరా వైపు మాత్రమే క్వార్టర్ వేవ్ ప్లేట్ (సరళ ధ్రువణాన్ని వృత్తీయంగా మార్చే పలక) అతికించి ఉంటుంది, కాబట్టి సరైన వైపు బిగిస్తే కొలతకి అది సరళ పోలరైజర్‌లాగే పనిచేస్తుంది. పైగా కెమెరా లోపలి భాగాలకి ధ్రువణం పట్ల ఉండే చిన్న పక్షపాతం కూడా దాంతో పోతుంది.

ఫిల్టర్ చట్రం చుట్టూ డిగ్రీల కొలమానం ప్రింట్ చేసి అతికించండి. ఇప్పుడు సున్నా ఎక్కడో, అంటే పోలరైజర్ అక్షం (అది వదిలే కంపన దిశ) అడ్డంగా ఉండే చోటు ఎక్కడో తెలియాలి. త్వరగా తేల్చుకోవాలంటే నున్నటి నేల లేదా గాజు బల్ల మీద పడి మెరుస్తున్న వెలుగుని ఏటవాలుగా చూడండి. గాజుకైతే లంబం నుంచి 56 డిగ్రీల దగ్గర, నీటికైతే 53 డిగ్రీల దగ్గర పరావర్తనమైన కాంతి పూర్తిగా అడ్డ దిశలో ధ్రువితమై ఉంటుంది, దాన్నే బ్రూస్టర్ కోణం అంటాం. ఫిల్టర్‌ని తిప్పుతుంటే ఆ మెరుపు ఎక్కడ మాయమవుతుందో అక్కడ మీ పోలరైజర్ అక్షం నిలువుగా ఉన్నట్టు. లోహపు మెరుపుతో ఇది చేయకండి, అక్కడ మెరుపు ఎప్పటికీ పూర్తిగా పోదు.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఒక మంచి ఉపాయం ఉంది, దీనికి సరళ పోలరైజర్ షీటు ఇంకొకటి కావాలి. ఆ షీటుని కంటి అంచనాతో దాదాపు నిలువుగా నిలబెట్టి, మీ ఫిల్టర్‌ని తిప్పుతూ పూర్తిగా చీకటయ్యే చోటు కొలమానం మీద రాసుకోండి. ఇప్పుడు షీటుని పుస్తకంలో పేజీ తిప్పినట్టు, నిలువు అంచు చుట్టూ వెనక్కి తిప్పి పెట్టండి. దాని అక్షం నిలువుకి కుడి పక్క ఎంత వాలి ఉందో ఇప్పుడు ఎడమ పక్కకి అంతే వాలుతుంది. మళ్లీ చీకటయ్యే చోటు చూడండి. మొదట 30, తర్వాత 40 వచ్చాయనుకుంటే, సరిగ్గా 35 దగ్గర మీ ఫిల్టర్ అక్షం అడ్డంగా ఉన్నట్టు. షీటు అక్షం మీకు ముందుగా తెలియాల్సిన పనే లేదు, అదే దీని అందం. వెనక్కి తిప్పే ఫిల్టర్ మాత్రం సర్క్యులర్ పోలరైజర్ కాకూడదు, తిప్పగానే దాని స్వభావమే మారిపోతుంది.

ఫోటోలు తీయడం

ఆటో అన్న మాట ఎక్కడ కనిపించినా ఆపేయండి. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో ఐఎస్‌ఓ, ఆటో వైట్ బ్యాలెన్స్, ఆటో ఫోకస్, ఇమేజ్ స్టెబిలైజేషన్, అన్నీ. జేపెగ్ అసలు వద్దు, ఎందుకంటే చూడ్డానికి బాగుండాలని కెమెరా దాన్లో వెలుగు విలువల్ని వంపు తిప్పేస్తుంది, ఆ తర్వాత రెండు ఫోటోల్ని తీసివేస్తే వచ్చేదానికి భౌతికమైన అర్థం ఉండదు. రా ఫైలులో విలువ వెలుగుకి నేరుగా అనుపాతంలో ఉంటుంది, మనకి కావలసింది అదే.

ముందు ఫిల్టర్‌ని మెల్లగా ఒక చుట్టు తిప్పి, దృశ్యం ఎక్కువ ప్రకాశంగా కనిపించే కోణం దగ్గర ఆపి, ఆ కోణంలో కూడా ఏ పిక్సెల్ నిండిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టుకోండి. ఒక్కసారి పెట్టాక ఇక ముట్టుకోకూడదు. ఇంటి లైట్ల కింద తీస్తుంటే, వాటిలో చాలావరకు కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకి 100 లేదా 120 సార్లు మిణుకుతాయి కాబట్టి, ఆ మిణుకులు చాలా ఇమిడేంత పొడవైన ఎక్స్‌పోజర్ వాడండి. సెకనులో వెయ్యో వంతులో తీస్తే ప్రతి ఫోటోలోనూ వెలుగు వేరుగా పడుతుంది.

0, 45, 90, 135 డిగ్రీల దగ్గర ఒక్కో ఫోటో. ఒక్కొక్కటి కాకుండా ఒక్కో కోణంలో పదిహేను ఇరవై తీసి సగటు చేస్తే రొద (పిక్సెల్ విలువల్లో వాటంతట అవే వచ్చే చిన్న ఒడిదుడుకులు) బాగా తగ్గుతుంది, మచ్చుల సంఖ్య నాలుగు రెట్లయితే రొద సగమవుతుంది. చివర్లో 180 డిగ్రీల దగ్గర ఇంకోటి తప్పకుండా తీయండి. సిద్ధాంతం ప్రకారం 0 దగ్గరా 180 దగ్గరా పోలరైజర్ ఒకటే, కాబట్టి ఆ రెండు ఫోటోలూ అచ్చం ఒకేలా ఉండాలి. మొత్తం వెలుగు మారిందంటే దీపం నిలకడగా లేదు. అంచుల దగ్గర మాత్రమే తేడా వస్తోందంటే ఫిల్టర్ గాజు రెండు ముఖాలూ సమాంతరంగా లేక బొమ్మ కాస్త జరుగుతోంది. ఈ ఒక్క అదనపు ఫోటో మీ కొలతని నమ్మొచ్చో లేదో చెప్పేస్తుంది, దీన్ని మానేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చివరిగా లెన్స్‌కి మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో చీకటి ఫోటోలు కొన్ని.

ఫోటోల నుంచి ధ్రువణానికి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, దాన్లో సంఖ్యల లెక్కలకి వాడే నమ్‌పై ఉంటే చాలు. ముందుగా అన్ని ఫోటోల్నీ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్లోకి మార్చండి. ఎనిమిది బిట్ల పూర్ణ సంఖ్యల్లోనే తీసివేత చేస్తే మైనస్ రావాల్సిన చోట 250, 251 లాంటి విలువలు వచ్చి కూర్చుంటాయి, చిత్రం నిండా పిచ్చి మచ్చలు కనిపిస్తాయి, చాలామందికి కారణమే తట్టదు. ప్రతి ఫోటోలోంచి చీకటి ఫోటో సగటు తీసేయండి. రంగుల కెమెరా అయితే డీమొజాయిక్ (ప్రతి పిక్సెల్‌కీ లేని రంగుల్ని అంచనా కట్టి నింపడం) చేయకుండా ఆకుపచ్చ పిక్సెళ్లు మాత్రమే విడదీసి వాడండి. డీమొజాయిక్ పక్క పిక్సెళ్ల విలువల్ని కలిపేసి అంచుల దగ్గర లేని ధ్రువణాన్ని పుట్టిస్తుంది. బొమ్మ జరిగి ఉంటే ఓపెన్‌సీవీ అనే చిత్రాల లైబ్రరీతో పిక్సెల్‌లో భిన్నాల వరకు సరిచేసుకోవచ్చు.

ఆపైన లెక్క ఇంతే (ఐ0 అంటే 0 డిగ్రీల ఫోటోలో ఆ పిక్సెల్ విలువ, మిగతావీ అలాగే):

ఎస్0 = (ఐ0 + ఐ45 + ఐ90 + ఐ135) ÷ 2
ఎస్1 = ఐ0 − ఐ90
ఎస్2 = ఐ45 − ఐ135

ఎస్1, ఎస్2ల వర్గాలు కలిపి వర్గమూలం తీసి ఎస్0తో భాగిస్తే సరళ ధ్రువణ స్థాయి, అది 0 నుంచి 1 మధ్య ఉంటుంది. ధ్రువణ కోణం కోసం ఎస్2, ఎస్1లతో ఆర్క్‌టాన్2 తీసి సగం చేయండి. మామూలు ఆర్క్‌టాన్ వద్దు, అది ఎదురెదురు పాదాల్లోని కోణాల్ని ఒకటిగా కలిపేస్తుంది.

ఇంకో తనిఖీ ఈ నాలుగు ఫోటోల్లోనే దాగి ఉంది. ఐ0, ఐ90 కలిపినా మొత్తం వెలుగే రావాలి, ఐ45, ఐ135 కలిపినా మొత్తం వెలుగే రావాలి. ఈ రెండు మొత్తాల తేడాని చిత్రంగా గీసి చూడండి, ఖాళీగా ఉండాలి. వస్తువు ఆకారం అందులో లీలగా కనిపించినా ఎక్కడో ఏదో కదిలినట్టే.

ధ్రువణ స్థాయి విషయంలో ఒక ఉచ్చు ఉంది. వర్గాలు చేసి కలుపుతున్నాం కాబట్టి రొద సగటున దాన్ని పైకే నెడుతుంది, కిందికి కాదు. అందుకే చీకటి నీడల్లో ధ్రువణం బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అక్కడ ఏమీ ఉండదు. పక్కపక్క పిక్సెళ్ల సగటు తీయాలనుకుంటే ముందు ఎస్1, ఎస్2లని సగటు చేసి ఆ తర్వాత స్థాయి లెక్కించండి, స్థాయిని లెక్కించాక సగటు చేస్తే ఆ అబద్ధం అలాగే మిగిలిపోతుంది. ఎస్0 మరీ తక్కువున్న చోట్లని చూపించకుండా మూసేయడం నిజాయితీ.

చూపించేటప్పుడు కోణానికి రంగు, స్థాయికి రంగు గాఢత, ఎస్0కి ప్రకాశం ఇస్తే ఒకే బొమ్మలో మూడూ వస్తాయి. 0, 180 ఒకటే కాబట్టి చక్రంలా తిరిగి మొదటికొచ్చే రంగుల వరుసే వాడాలి.

మొదట వేటిని తీయాలి

జవాబు ముందే తెలిసినవాటిని. ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ పెట్టి తీస్తే సాధారణంగా స్థాయి 1కి దగ్గరగా రావాలి, ఎందుకంటే తెర బయటి పొరే పోలరైజర్. మెరుపు లేని తెల్ల కాగితాన్ని ఎదురుగా తీస్తే సున్నాకి దగ్గరగా రావాలి. ఈ రెండూ సరిగ్గా రాకపోతే ముందుకెళ్లకండి. తర్వాత నిర్మలమైన నీలాకాశం: సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న పట్టీలో ధ్రువణం అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది, సూర్యుడి వైపు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. కెమెరాని మాత్రం సూర్యుడి వైపు తిప్పకండి.

తర్వాత ఒక నల్లటి వస్తువు, ఒక తెల్లటి వస్తువు పక్కపక్కన పెట్టి చూడండి. నల్లదాని మీద ధ్రువణ స్థాయి ఎక్కువగా వస్తుంది. తెల్లటి పదార్థంలోకి వెళ్లిన కాంతి లోపల చాలాసార్లు చెదిరి ధ్రువణం పోగొట్టుకుని బయటికొచ్చి ఉపరితల పరావర్తనాన్ని పలుచన చేస్తుంది. నల్లదాన్లో ఆ లోపలి కాంతి ఇంకిపోతుంది కాబట్టి పైపై పరావర్తనమే మిగులుతుంది. దీన్ని ఉమోవ్ 1905లో వివరించాడు, ఇప్పటికీ గ్రహశకలాల ఉపరితలాలు ఎంత ముదురుగా ఉన్నాయో అంచనా వేయడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు ఇదే సంబంధాన్ని వాడతారు. నున్నటి ప్లాస్టిక్ బంతిని తీస్తే కోణం రంగులు బంతి చుట్టూ చక్రంలా తిరుగుతాయి, అంటే ఉపరితలం ఏ వైపు వాలి ఉందో ధ్రువణం చెబుతోందన్నమాట.

ఫిల్టర్ తిప్పే పని లేకుండా కావాలంటే సెన్సర్ మీదే నాలుగు దిశల సూక్ష్మ పోలరైజర్లు ఉన్న కెమెరాలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి గుండె సోనీ 2018లో తెచ్చిన ఐఎంఎక్స్250ఎంజెడ్ఆర్ సెన్సర్. కదిలే వస్తువులకి అవి బాగుంటాయి. అయితే నాలుగు దిశల్నీ నాలుగు పక్కపక్క పిక్సెళ్లు చూస్తాయి కాబట్టి పదునైన అంచుల దగ్గర దొంగ ధ్రువణం వస్తుంది. కదలని వస్తువుకైతే తిప్పే ఫిల్టరే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు లేజర్

ఇంతవరకు వచ్చిన కాంతిని వచ్చినట్టు చూశాం. అసలు విషయం మనమే తెలిసిన ధ్రువణంతో కాంతి పంపి, వస్తువు దాన్ని ఏం చేసిందో చూడడంలో ఉంది. దీనికి లేజర్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే వేవ్ ప్లేట్లు (దాటే కాంతి ధ్రువణాన్ని మార్చే పలకలు) ఒక్క తరంగదైర్ఘ్యానికే కచ్చితంగా పనిచేస్తాయి, లేజర్‌లో ఉండేది దాదాపు ఒక్కటే.

ముందు కళ్లు. కనిపించే కాంతిలో 1 మిల్లీవాట్ లోపు, అంటే క్లాస్ 2 లేజర్‌తో ఇక్కడ చెప్పేవన్నీ చేయొచ్చు, అంతకు మించి వెళ్లకండి. చవక ఆకుపచ్చ పాయింటర్ల జోలికి అసలు పోవద్దు. వాటిలో 532 నానోమీటర్ల వెలుగు 1064 నుంచి, అది 808 నుంచి తయారవుతుంది, ఆ పరారుణ కిరణాలు కంటికి కనిపించకుండా బయటికి రావచ్చు, పైనున్న లేబుల్ని నమ్మలేం. కిరణం కూర్చున్నవాళ్ల కంటి ఎత్తున వెళ్లకూడదు. ఉంగరాలు, వాచీ తీసేయండి. పోలరైజింగ్ క్యూబ్ (ధ్రువణాన్ని బట్టి కాంతిని రెండు కిరణాలుగా విడదీసే గాజు ఘనం) వాడితే పక్కకి విసిరేసే కిరణం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఆపే నల్లటి అడ్డు పెట్టాకే లేజర్ వెలిగించండి.

వెలిగించాక అరగంట పాటు వేడెక్కనివ్వండి. ధ్రువణం నిర్ణయించని హీలియం నియాన్ ట్యూబు అయితే ఇది మరీ ముఖ్యం: 632.8 నానోమీటర్ల దగ్గర దాని పక్కపక్క మోడ్‌లు (లేజర్ ఒకేసారి వెలువరించే దగ్గర దగ్గర ఫ్రీక్వెన్సీలు) ఒకదానికొకటి లంబంగా ధ్రువితమై ఉంటాయి, ట్యూబు వేడికి సాగేకొద్దీ వెలుగు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ ఉంటుంది. నేరుగా చూస్తే నిలకడగా ఉన్న లేజర్, పోలరైజర్ పెట్టగానే పెరుగుతూ తరుగుతూ కనిపించేది అందుకే. డయోడ్ లేజర్ చాలావరకు సరళ ధ్రువితమే గానీ, దాని కాంతి దానిలోకే తిరిగి వెళితే చెదిరిపోతుంది, కాబట్టి దారిలోని గాజు ముఖాల్ని కొంచెం వాల్చి పెట్టండి.

పవర్ అదుపు కోసం లేజర్ కరెంటు తగ్గించకండి, తరంగదైర్ఘ్యం, ధ్రువణం రెండూ కదులుతాయి. హాఫ్ వేవ్ ప్లేట్ ఒకటి, దాని వెనక కదలని పోలరైజర్ ఒకటి పెట్టండి. ప్లేట్‌ని ఎంత తిప్పితే ధ్రువణ దిశ దానికి రెట్టింపు తిరుగుతుంది, అంటే 45 డిగ్రీల్లో పూర్తి వెలుగు నుంచి చీకటి దాకా వెళ్లొచ్చు. బయటికొచ్చే దిశ మాత్రం పోలరైజర్ నిర్ణయించిందే, పవర్ ఎంతైనా అది మారదు. ఈ జత లేకుండా నేనైతే ఏ లేజర్ ప్రయోగమూ మొదలుపెట్టను. క్యూబ్ వాడితే సూటిగా దాటిన కిరణమే వాడండి, పక్కకి వచ్చినదాని ధ్రువణం అంత శుద్ధంగా ఉండదు.

వేవ్ ప్లేట్ అక్షం తెలుసుకోవడానికి: రెండు పోలరైజర్లని అడ్డంగా, నిలువుగా పెట్టి చీకటి చేయండి, మధ్యలో ప్లేట్ పెట్టగానే వెలుగొస్తుంది, మళ్లీ చీకటయ్యే దాకా ప్లేట్ తిప్పండి. అక్కడ దాని అక్షం పోలరైజర్ అక్షంతో కలిసింది. క్వార్టర్ వేవ్ ప్లేట్ అయితే అక్కణ్నుంచి సరిగ్గా 45 డిగ్రీలు తిప్పితే వృత్తీయ ధ్రువణం. అయ్యిందో లేదో చూడాలంటే రెండో పోలరైజర్‌ని చుట్టూ తిప్పండి, వెలుగు ఎక్కడా మారకూడదు. ఇంకో అందమైన పరీక్ష, ప్లేట్ తర్వాత చదునైన అద్దం పెట్టి కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపండి. అద్దంలో వృత్తం తిరిగే వైపు తారుమారవుతుంది, మళ్లీ ప్లేట్ దాటాక దిశ 90 డిగ్రీలు తిరిగి మొదటి పోలరైజర్ దగ్గర ఆగిపోతుంది.

దారి వేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, వంకరగా పెట్టిన ప్రతి అద్దమూ ధ్రువణాన్ని మార్చే వస్తువే. పడే తలానికి (పడే కిరణం, అద్దానికి గీసిన లంబం రెండూ ఉండే తలం) సమాంతరంగా గానీ లంబంగా గానీ ధ్రువితమైతే దిశ నిలుస్తుంది, మధ్యలో ఏదైనా అయితే దీర్ఘవృత్తంగా మారిపోతుంది. అందుకే ధ్రువణాన్ని తయారు చేసే పోలరైజర్, ప్లేట్లు చివరి అద్దం తర్వాతే ఉండాలి. అదే లెక్కన వస్తువు నుంచి తిరిగి వచ్చే దారిలో విశ్లేషించే పోలరైజర్ మొట్టమొదట, కెమెరా లెన్స్ కన్నా ముందు ఉండాలి. మామూలు ఆప్టికల్ ఫైబర్ ద్వారా పంపితే దాన్ని వంచినప్పుడల్లా ధ్రువణం మారిపోతుంది, ధ్రువణాన్ని నిలిపే ప్రత్యేక ఫైబర్ వాడినా కాంతిని దాని అక్షం వెంట ప్రవేశపెట్టాలి.

స్పెకిల్

లేజర్‌తో తీసిన మొదటి చిత్రం చూసి టెన్షన్ పడకండి. నిండా ఇసుక చల్లినట్టు మచ్చలుంటాయి. గరుకు ఉపరితలంలోని వేర్వేరు బిందువుల నుంచి వచ్చిన తరంగాలు కలిసి కొన్ని చోట్ల పెరిగి, కొన్ని చోట్ల చెల్లిపోవడం వల్ల వచ్చే స్పెకిల్ అది. కిరణం దారిలో గరుకు గాజు పలక పెట్టి చిన్న మోటారుతో తిప్పుతూ, పలక బాగా తిరిగేంత పొడవైన ఎక్స్‌పోజర్‌తో తీస్తే మచ్చలు సగటై పోతాయి. గరుకు గాజు ధ్రువణాన్ని కాస్త చెదరగొట్టవచ్చు, కాబట్టి పోలరైజర్ దాని తర్వాత. గది వెలుగు పడకుండా లెన్స్ ముందు ఆ తరంగదైర్ఘ్యాన్నే వదిలే సన్నని ఫిల్టర్ పెట్టండి, అది లేకపోతే లేజర్ ఆపి ఒక ఫోటో తీసి తీసివేయండి.

రెండు ఫోటోల పద్ధతి, ఆ తర్వాత పదహారు

తేలికైన పద్ధతి ఇది. నిలువు ధ్రువణంతో వెలిగించి, విశ్లేషించే పోలరైజర్‌ని నిలువుగా పెట్టి ఒక ఫోటో, అడ్డంగా పెట్టి ఒక ఫోటో. తేడాని మొత్తంతో భాగించండి. గీతలు లేని లోహం పంపిన ధ్రువణాన్ని అలాగే తిప్పి పంపుతుంది కాబట్టి విలువ 1కి దగ్గర. తెల్లటి పెయింటు లోపల కాంతి చెదిరి ధ్రువణం పోతుంది కాబట్టి విలువ సున్నా వైపు. మామూలు ఫోటోలో ఒకే బూడిద రంగులో కలిసిపోయిన రెండూ ఇందులో నలుపు తెలుపులుగా విడిపోతాయి. అడ్డ ఫోటో ఒక్కటే చూసినా చర్మం మీది మెరుపు పోయి లోపలి రంగు బయటపడుతుంది.

ఒక జాగ్రత్త: ఈ పద్ధతి ధ్రువణం పోవడాన్నీ ధ్రువణం తిరగడాన్నీ కలిపేస్తుంది. సాగదీసిన ప్లాస్టిక్‌లో ద్వివక్రీభవనం (కంపన దిశని బట్టి కాంతి వేగం మారడం) ఉంటే ధ్రువణం పోకపోయినా విలువ పడిపోతుంది. ఆ రెండింటినీ విడదీయాలంటే ముల్లర్ మాతృక కొలవాలి, అంటే పడిన కాంతి స్టోక్స్ పరామితుల్ని వస్తువు ఎలా మారుస్తుందో చెప్పే పట్టిక, పిక్సెల్‌కి పదహారు సంఖ్యలు. నాలుగు రకాల ధ్రువణాలతో వెలిగించి, ఒక్కోదానికి నాలుగు రకాలుగా విశ్లేషించాలి. తిరిగే ఒకే ప్లేట్, కదలని ఒక పోలరైజర్‌తో నాలుగు స్టోక్స్ పరామితుల్నీ కొలవాలంటే రొదని బట్టి చూస్తే మేలైన ప్లేట్ 132 డిగ్రీల రిటార్డెన్స్‌ది (రెండు లంబ దిశల కంపనాల మధ్య ప్లేట్ తెచ్చే వెనకబాటే రిటార్డెన్స్), దాన్ని పెట్టాల్సిన కోణాలు ప్లస్ మైనస్ 15.1, ప్లస్ మైనస్ 51.7. మన దగ్గరుండేది 90 డిగ్రీల క్వార్టర్ వేవ్ ప్లేటే కాబట్టి, దాన్ని 22.5 డిగ్రీల చొప్పున ఎనిమిది చోట్ల ఆపి, కనిష్ఠ వర్గాల పద్ధతిలో (అన్ని కొలతలకీ మొత్తమ్మీద అతి దగ్గరగా వచ్చే విలువల్ని వెతకడం) సాధించండి, బాగానే వస్తుంది.

కొలిచాక వస్తువు తీసేసి నేరుగా కిరణాన్ని కొలిస్తే తత్సమ మాతృక (వికర్ణం మీద 1లు, మిగతా అంతా సున్నా) రావాలి. దాదాపు ఎదురుగా పెట్టిన అద్దానికైతే వికర్ణం మీద 1, 1, మైనస్ 1, మైనస్ 1. ఎక్కడైనా వీటికి పెద్ద తేడా వస్తే ప్లేట్ సున్నా కోణమో, దాని రిటార్డెన్సో మీరు అనుకున్నది కాదు, ఆ రెంటినీ తెలియని రాశులుగా పెట్టి ఈ కొలత నుంచే సాధించి సరిచేసుకోవచ్చు.

ప్లేట్లు చేత్తో తిప్పడానికి విసుగొచ్చినప్పుడు లిక్విడ్ క్రిస్టల్ రిటార్డర్లు ఉన్నాయి, వోల్టేజి మారిస్తే మిల్లీసెకన్లలో రిటార్డెన్స్ మారుతుంది, కదిలే భాగం లేదు కాబట్టి బొమ్మ కూడా జరగదు. ఉష్ణోగ్రత మారితే వాటి క్రమాంకనం తప్పిపోతుంది, తరచూ సరిచూసుకోవాలి. అదే లిక్విడ్ క్రిస్టల్‌ని లక్షల పిక్సెళ్లుగా పరిస్తే స్పేషియల్ లైట్ మాడ్యులేటర్, కిరణం ముఖాన్ని చోటు చోటునా విడిగా మలచొచ్చు. వెల్లెకూప్, మోస్క్ 2007లో దీనితోనే అపారదర్శకమైన పొర వెనక లేజర్‌ని ఒక బిందువులో కేంద్రీకరించి, వెయ్యి రెట్ల దాకా ప్రకాశం తెచ్చారు. ఈ పరికరం కూడా తన అక్షం వెంట ధ్రువితమైన కాంతి మీదే పనిచేస్తుంది, కాబట్టి కాంతి దిశని ఆ అక్షానికి తిప్పడానికి పైన చెప్పిన హాఫ్ వేవ్ ప్లేట్ ఇక్కడా పనికొస్తుంది.

ముల్లర్ మాతృక చేతికొచ్చాక ఒక పని చేయండి. మీకు వేరుగా కనిపించాల్సిన రెండు ప్రాంతాల్ని, ఉదాహరణకి దెబ్బతిన్న కణజాలం, మంచి కణజాలం, ఎంచుకుని ఒక్కోదాని సగటు మాతృక తీసుకోండి. కంప్యూటర్‌లోనే పంపే ధ్రువణాల్నీ, విశ్లేషించే ధ్రువణాల్నీ చిన్న చిన్న అడుగుల్లో మారుస్తూ, ఏ జతకి ఆ రెండు ప్రాంతాల వెలుగు మధ్య తేడా రొదతో పోలిస్తే గరిష్ఠమవుతుందో వెతకండి. దొరికిన జతకి తగ్గట్టు ప్లేట్ల కోణాలు పెట్టుకుంటే, ఇక అలాంటి వస్తువులన్నిటికీ పదహారు కొలతల పని ఉండదు, ఒక్క ఫోటోతోనే ఆ తేడా కనిపిస్తుంది.